ఓటమి నోడల్ పర్సన్

మీ ఆయన ఏం చేస్తాడమ్మా అని ఎవరైనా అడిగితే గౌరి కుట్టుమిషను ఆపి మరీ చెప్పేది, "జిల్లా తరఫున ఫుట్‌బాల్ ఆడతాడు" అని. అందులో అబద్ధం లేదు. గంటలపేట జిల్లా క్రీడా కార్యాలయంలో పైడిరాజు రోజుకి అరవై మూడు మ్యాచులు ఆడేవాడు. అరవై మూడూ ఓడిపోయేవాడు. ఆ రెండో ముక్క మాత్రం గౌరికి తెలీదు. తెలిస్తే తన మొహం ఆవిడకి ఎలా చూపించాలో పైడిరాజుకీ తెలీదు.

ఈ బెడద ఎలా వచ్చిపడిందో మొదటినుంచీ చెప్పాలి. పిల్లలు గ్రౌండుకి రావడం మానేసి ఫోన్లు పట్టుకు కూచుంటున్నారని రాష్ట్ర క్రీడాశాఖకి ఒక శుభముహూర్తాన తెలిసింది. వేరేవాళ్లయితే నాలుగు బంతులు కొని పంచేవారు. కమిషనర్ గారు అంత చిన్న ఆలోచనలు చేసే మనిషి కాదు. "పిల్లలు గ్రౌండుకి రాకపోతే గ్రౌండునే పిల్లల జేబులోకి పంపుదాం" అన్నారు. పంపారు. శాఖ తరఫున ఒక ఫుట్‌బాల్ వీడియో గేమ్ తయారైంది. దాని పేరు విజయకందుకం. కందుకం అంటే బంతి అని ప్రారంభోత్సవంలో ఆయనే విడమర్చి చెప్పాల్సొచ్చింది.

ఇంత ఘనంగా దిగిన ఆటని జనం ఎలా ఆదరించారయ్యా అంటే, నెల తిరిగేసరికి రాష్ట్రం మొత్తం మీద రెండువందల పన్నెండుమంది ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. అందులో నూట తొంభై ఎనిమిదిమంది శాఖ సిబ్బంది. మిగతా పద్నాలుగుమంది పొరపాటున నొక్కినవాళ్లు. వాళ్లలో ఒకడు "బంతి కనపడ్డం లేదు" అని అభిప్రాయం కూడా రాశాడు. పాపం, నిజమే రాశాడు. పచ్చదనం పథకం కింద అనుమతి తెచ్చుకున్న ఆట కాబట్టి గడ్డీ పచ్చగానే ఉండేది, బంతీ పచ్చగానే ఉండేది. తరవాత ఉత్తర్వు ఇచ్చి బంతిని తెల్లగా చేశారనుకోండి, అది వేరే సంగతి.

జనానికి నచ్చలేదని వదిలేస్తే అది ప్రభుత్వ శాఖ ఎందుకవుతుంది? సర్క్యులర్ వచ్చింది. "విజయకందుకమునకు ప్రజాదరణ లభించవలెను. లభించిన ప్రజాదరణను ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు నిర్ణీత నమూనాలో పంపవలెను. శాఖలోని ప్రతి ఉద్యోగి రోజుకొక మ్యాచ్ ఆడి, ప్రజలకు ఆదర్శముగా, విజయము సాధించవలెను." అలా అని కంప్యూటర్ మీద ఆడి గెలిచేద్దామంటే కుదరదు. ఆ సౌకర్యం రెండో విడతలో వస్తుందిట. ఆడితే మనిషితోనే ఆడాలి. పైగా సగం ఆట అయ్యేసరికి ఫోను మొహం అడుగుతుంది. ఒట్టి మొహం చాలదు. "దయచేసి నవ్వండి" అంటుంది ఒక ఆడగొంతు. నవ్వితే "ధన్యవాదాలు, మీ ఆనందం నమోదైంది" అంటుంది. నవ్వకపోతే ఆ పూట హాజరు పడదు. దాన్ని ఆనంద సూచిక అన్నారు.

మొదటి శుక్రవారం వీడియో కాన్ఫరెన్స్ జరిగింది. తెరమీద కమిషనర్ గారి మొహం కందగడ్డలా ఉంది.

"గంటలపేట! మీ విజయ శాతం ఎంత?"

"యాభై సార్" అన్నారు వేమకోటి కామేశం గారు. ఆయన అసలు హోదా సూపరింటెండెంటు. జిల్లా క్రీడాధికారి పోస్టు ఖాళీగా ఉంటే నాలుగేళ్లుగా దానికీ ఇన్‌చార్జి ఆయనే.

"పక్క జిల్లా?"

"యాభై సార్."

"ఆ పక్క జిల్లా?"

"యాభయ్యే సార్."

"ఏమిటీ అన్యాయం? రాష్ట్రం మొత్తంలో ఒక్క జిల్లా అయినా యాభై ఒకటి చేరలేదు! మీలో ఒక్కరికైనా చిత్తశుద్ధి ఉందా?"

సర్వీసులోకి కొత్తగా వచ్చిన ఒక అధికారి, పెళ్లికాని కుర్రాడు, నోరు జారాడు. "సార్, ఇద్దరు ఆడితే ఒకరే గెలుస్తారు కదండీ, అంచేత..."

"దీన్నే ఓటమి మనస్తత్వం అంటారు" అన్నారు కమిషనర్ గారు. మర్నాటికల్లా ఆ అబ్బాయిని చేనేత శాఖకి పంపేశారు. "డ్రా అయిన మ్యాచులను పెండింగ్ కింద పరిగణిస్తాం. వచ్చే శుక్రవారానికి నూటికి నూరు శాతం కావాలి. ఆడిన ప్రతి ఒక్కరూ గెలవాలి. ఎలా అన్నది క్షేత్రస్థాయిలో మీరు చూసుకోండి."

మిగతా జిల్లాలవాళ్లు తలలు పట్టుకున్నారు. కామేశం గారు మాత్రం పట్టుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన నేర్చుకున్న విద్య ఒకటే. సమస్య వస్తే దాన్ని పరిష్కరించకూడదు, దానికి ఒక నోడల్ పర్సన్‌ని వెయ్యాలి. వాళ్ల ఆఫీసులో తుపానుకి ఒక నోడల్ పర్సన్ ఉన్నాడు, దోమలకి ఒకడున్నాడు, పంద్రాగస్టు చాక్లెట్లకి ఒకావిడ ఉంది. ఓటమికి మాత్రం ఎవరూ లేరు. బాధ్యత ఎవరిదో తేలక ఓటమి అందరి నెత్తినా తలా కాస్త పడుతోంది. ఆ సూక్ష్మం పట్టుకున్నాక ఆయన సర్క్యులర్ని మళ్లీ మొదట్నుంచీ చదివారు. ఏడో పేజీలో, అడుగున, చిన్నక్షరాల్లో ఉంది: విజయ శాతం లెక్కకు రెగ్యులర్ సిబ్బందిని మాత్రమే తీసుకొనవలెను.

"పైడిరాజూ, ఇలా రావయ్యా. నువ్వు కాంట్రాక్టే కదూ?"

"తొమ్మిదేళ్లుగా అంతేనండి" అన్నాడు పైడిరాజు. అతను ఆ ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటరు.

"చాలా మంచి పని చేశావు. నీ ఓటములు లెక్కలోకి రావు."

"నావి ఏవీ లెక్కలోకి రావు కదండీ."

"అదేనయ్యా నీకున్న అర్హత! మన రెగ్యులర్ స్టాఫ్ అరవై మూడుమంది. అందరూ నీతోనే ఆడతారు, అందరూ గెలుస్తారు. ఓడే పని నువ్వు చూసుకుంటావు. ఈ క్షణం నుంచీ నువ్వు ఓటమికి నోడల్ పర్సన్‌వి."

పైడిరాజుకి ఒళ్లు మండింది. అతని గురించి తెలిస్తే మీకూ మండుతుంది. గంటలపేట జూట్‌మిల్లు టీముకి పన్నెండేళ్లు గోల్‌కీపరుగా చేసిన మనిషి. మిల్లు మూతపడి టీము చెదిరిపోయింది గానీ, ఇప్పటికీ ఎవరైనా తాళాల గుత్తి విసిరితే అతని చెయ్యి దానంతటదే లేస్తుంది. ఒకసారి పోర్టు టీము మీద వరసగా మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రోజు మిల్లు గోడెక్కి చూస్తున్న గౌరి, ఇంటికెళ్లి వాళ్ల నాన్నతో "సేసుకుంటే ఆ దూకేవోణ్ణే సేసుకుంటాను" అని తెగేసి చెప్పింది. చేసుకుంది కూడా.

"బాబూ, నాను గోల్‌కీపర్నండి. బంతిని వదిలీడం నా వల్ల కాదండి" అన్నాడు.

"వదలమని ఎవరన్నారు? ఓడమన్నాను. రెండూ ఒకటేనా? చూడూ, నీ రెన్యువల్ ఫైలు నా బల్లమీదే ఉంది. మార్చి ముప్ఫై ఒకటి ఎంతలో వస్తుంది?"

మార్చి ముప్ఫై ఒకటి అనే మాట వింటే కాంట్రాక్టు మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు. పైడిరాజూ ఒప్పుకున్నాడు.

ఓడడమంటే ఎలా పడితే అలా ఓడడం కాదని మొదటి రోజే తెలిసొచ్చింది. దానికి పద్ధతి ఉంది, హోదాలున్నాయి. వాచ్‌మన్ చేతిలో రెండు ఒకటి తేడాతో ఓడాలి. జూనియర్ అసిస్టెంటు చేతిలో మూడు ఒకటి. కోచ్‌ల చేతిలో నాలుగు ఒకటి. కామేశం గారి చేతిలో ఐదు సున్నా. మొదటి వారం ఒక వాచ్‌మన్ చేతిలో పొరపాటున ఆరు సున్నాతో ఓడితే, సీనియార్టీ దెబ్బతిందని టైపిస్టు అర్జీ పెట్టుకుంది. "ఓటమి గౌరవప్రదంగా ఉండాలయ్యా. ముందు ఒక గోలు నువ్వు వెయ్యి. మనవాడు వెనకబడి, అప్పుడు పుంజుకోవాలి. పుంజుకోవడమంటే కమిషనర్ గారికి ప్రాణం" అని కామేశం గారు బోధించారు.

రోజుకి అరవై మూడు మ్యాచులు. అరవై మూడుసార్లు "దయచేసి నవ్వండి." పైడిరాజు నవ్వేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆ నవ్వు మొహానికి అతుక్కుపోయి, ఇంటికెళ్లినా ఊడేది కాదు. అన్నం తింటూ నవ్వేవాడు, కరెంటు పోయినా నవ్వేవాడు. చివరికి గౌరి మేనత్త పోయిందని కబురొచ్చినప్పుడు కూడా పళ్లు కనపడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకోవాల్సొచ్చింది.

గౌరి దాన్ని ఆనందమనే అనుకుంది. "తొమ్మిదేళ్లకి ఆఫీసోళ్లు నీ ఇలవ తెలుసుకున్నారు మావా. ఇలా నవ్వడం మిల్లు మూసేశాక నాను సూళ్లేదు" అని ముచ్చటపడింది. "ఆ ఫోను ఆటలో గెలుత్తన్నావా మరి?"

"జిల్లా గెలుత్తందే" అన్నాడు పైడిరాజు, కంచంలోకి చూస్తూ.

జిల్లా మామూలుగా గెలవలేదు. శుక్రవారానికి గంటలపేట నూటికి నూరు శాతం. తెరమీద జిల్లాలన్నీ ఎర్రగా ఉంటే గంటలపేట ఒక్కటే ఆకుపచ్చగా వెలిగింది. కమిషనర్ గారికి ఆనందం పట్టలేదు. అదెలాగని అడగలేదు. అలాంటివి అడగడం ఆయనకి అలవాటు లేదు. "దీన్ని గంటలపేట నమూనా అంటాం. రాష్ట్రమంతటా అమలు చెయ్యాలి" అన్నారు. నమూనా అంటే ఏమిటా అని మిగతా జిల్లాలవాళ్లు కూపీ లాగితే అది ఒక మనిషని తేలింది. మనిషిని ముక్కలు చేసి జిల్లాకొకటి పంచలేరు కదా. అంచేత రాష్ట్రంలోని పదకొండువందలమంది రెగ్యులర్ సిబ్బందీ పైడిరాజుతోనే ఆడి గెలవాలని ఉత్తర్వు వచ్చింది.

కామేశం గారు స్టోర్ రూమ్ ఖాళీ చేయించి, వరసగా బల్లలు వేయించి, వాటిమీద పన్నెండు ఫోన్లు పెట్టించారు. బయట "ఓటమి విభాగం, అనుమతి లేనిదే లోనికి రాకూడదు" అని బోర్డు కట్టించారు. పైడిరాజు ఆ బల్లల వెంట అట్టూ ఇటూ తిరుగుతూ, పెనం మీద దోశలు తిరగేసే మాస్టర్లా, ఇక్కడొక గోలు వదిలి, అక్కడొక గోలు వేసి, ఇంకోచోట నవ్వి వచ్చేవాడు. ఒకసారి తొందరలో నవ్వాల్సిన ఫోనుకి గోలూ, గోలు వదలాల్సిన ఫోనుకి నవ్వూ ఇచ్చేసి ఒక జిల్లాకి రెండు మ్యాచులు పెండింగ్ పెట్టాడు. దానికి మెమో అందుకున్నాడు. అయినా నెలరోజుల్లో రాష్ట్రం మొత్తం ఆకుపచ్చ అయిపోయింది. "విజయకందుకానికి ప్రజల బ్రహ్మరథం" అని శాఖవాళ్లే ప్రకటన ఇచ్చుకున్నారు. ఈలోగా ఆ పద్నాలుగుమంది ప్రజల్లో ఏడుగురు ఆటని ఫోన్లోంచి తీసేశారు. ఆ సంగతి నింపడానికి నమూనాలో గడి లేదు.

ఇలా ఏడాది గడిచింది. ఇంత గెలిచాక ఉత్సవం చెయ్యకపోతే ఎలా? మార్చి నెలాఖరున గంటలపేట మునిసిపల్ కళ్యాణమండపంలో విజయోత్సవ సభ ఖాయమైంది. కమిషనర్ గారు స్వయంగా వేంచేసి పెద్ద తెరమీద ఒక మ్యాచ్ ఆడి గెలుస్తారు. ప్రత్యర్థి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆహ్వానంలో ఒక మాట కలిపారు: ప్రత్యర్థి సకుటుంబంగా రావలెను, కుటుంబ ఆనంద సూచిక కూడా నమోదు చేయబడును.

ఆ కాయితం పట్టుకుని పైడిరాజు పరుగెత్తాడు. కామేశం గారి కాళ్లావేళ్లా పడ్డాడు. "నన్ను ఎంతమంది ముందైనా ఓడించండి బాబూ. మా ఆడమనిషి ముందు మాత్రం ఒద్దండి."

"అయ్యో, మీ ఆవిడ రాకపోతే ఫ్యామిలీ గడి ఖాళీగా పోతుందయ్యా! ఏం పర్లేదు. కమిషనర్ గారు గెలవగానే ఆ ఊపులోనే వేదికమీద నీ రెన్యువల్ మీద సంతకం పెట్టిస్తాను. ఆయన ఓడిపోయాడనుకో..." కామేశం గారు ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో అలాంటి వాక్యం పూర్తి చేసే అవసరం ఆయనకి రాలేదు.

సభ రోజు పొద్దున్న గౌరి నెమలికంఠం రంగు చీర ఇస్త్రీ చేస్తోంది. వీధినంతా పిలిచేసింది. మిల్లు టీములో పాతకాపులు కూడా వస్తున్నారు. పైడిరాజు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూచున్నాడు. మొహాన నవ్వు, లోపల వణుకు.

"ఒలే గౌరీ, ఇయాల నాను ఓడిపోతేనో?"

గౌరి ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టింది. "ఓడిపోతే ఓడిపో. ఆటన్నాక ఓడరేటి? మా నాయిన మిల్లు టీములో ఎన్నిసార్లు ఓడాడో నాకు తెల్దా? కానీ ఒక్కటి. బంతి వొస్తంటే దూక్కుండా నిలబడిపోయావని తెలిసిందో, ఇంటికి రావద్దు. దూకేవోణ్ణని సేసుకున్నాను నిన్ను."

పైడిరాజు టీ గ్లాసు గుమ్మంలో పెట్టేశాడు. ఏడాదిగా అతను చేస్తున్న ఉద్యోగమే అది మరి, దూక్కుండా నిలబడిపోవడం.

కళ్యాణమండపం కిటకిటలాడిపోయింది. కమిషనర్ గారు తలపాగా పెట్టించుకుని, శాలువా కప్పించుకుని, ఫోను చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏడాదిగా ఆయన పేరుతో గెలుస్తున్నది ఆయన క్యాంపు క్లర్కు. కమిషనర్ గారు విజయకందుకం ఆడడం అదే మొదటిసారి. క్యాంపు క్లర్కు చెవిలో ఏదో చెప్పబోతే "నాకు తెలుసు" అన్నారు. ఆయన ఏ విషయంలోనైనా ముందు అనే మాట అదే.

ఈల మోగింది. బంతి కమిషనర్ గారి ఆటగాడి కాళ్ల దగ్గర పడింది. ఆయన తెరని ఒకసారి పరిశీలనగా చూశారు. అటొక గోలుంది, ఇటొక గోలుంది. ఇటుదే దగ్గర. ఎర్ర మీట నొక్కారు. బంతి నిక్షేపంలా వెళ్లి ఆయన సొంత గోల్లో పడింది.

పైడిరాజు ఒకటి, కమిషనర్ సున్నా అని తెర చూపించింది. చప్పట్లు కొట్టాలో వద్దో హాల్లో ఎవరికీ తెలీలేదు. కమిషనర్ గారే చేతులెత్తి అందరికీ నమస్కారం పెట్టారు. "అందుబాటులో ఉన్న లక్ష్యాన్ని ముందు సాధించాలి. ఇదే నా పని విధానం" అని మైకులో అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. కామేశం గారు జేబురుమాలు తీసి ముందు నుదురూ, తరవాత మెడా, ఆ తరవాత పక్కవాడి నుదురూ తుడిచారు.

పైడిరాజు ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. పదకొండువందలమంది చేతిలో ఓడినవాడికి, గెలవడం చేతకానివాడు మొదటిసారి తగిలాడు. చేసేది లేక బంతిని వెనక్కి తోలుకొచ్చి తన గోల్లో తనే వేసుకున్నాడు. ఒకటి ఒకటి. జనంలోంచి "ఇదేటి పైడిరాజూ!" అని ఎవడో మిల్లువాడు అరిచాడు. పైడిరాజు గౌరి వైపు చూడలేదు. కమిషనర్ గారు మళ్లీ దగ్గర్లో ఉన్న లక్ష్యాన్ని సాధించారు. పైడిరాజు మళ్లీ తన గోల్లో వేసుకున్నాడు. రెండు రెండు. కమిషనర్ గారు ఆగే మనిషి కాదు, మూడోది కూడా సాధించేశారు. సగం ఆట ముగిసేసరికి పైడిరాజు మూడు, కమిషనర్ రెండు.

"దయచేసి నవ్వండి" అంది ఆడగొంతు. పైడిరాజు మొహం తెరమీద ఏనుగంత వెడల్పున వచ్చింది. చెమటలు కారుతుండగా అతను నవ్వాడు. మూడో వరసలో కూచున్న గౌరి ఆ నవ్వు చూసింది. ఏడాదిగా అన్నం దగ్గరా, కరెంటు పోయినప్పుడూ, మేనత్త పోయినప్పుడూ చూసిన నవ్వు అదే. "ధన్యవాదాలు, మీ ఆనందం నమోదైంది" అంది ఫోను. గౌరి మొహంలో వెలుగంతా దిగిపోయింది. అది ఆనందం కాదని ఆవిడకి ఒక్కసారిగా తెలిసిపోయింది.

రెండో సగంలో ఆటగాళ్లు వైపులు మారతారు కదా, అప్పుడైనా బంతి సరైన గోల్లో పడుతుందని కామేశం గారు ఆశపెట్టుకున్నారు. కానీ వైపులు మారడం కమిషనర్ గారూ గమనించారు. "మార్పును స్వాగతించాలి" అని ఆయన కూడా వెనక్కి తిరిగారు. మళ్లీ సొంత గోలు మీదకే బయల్దేరారు.

అదిగో, అప్పుడు కదిలింది పైడిరాజులో పాత మనిషి. ఎదురుగా బంతి గోలు వైపు వెళ్తోంది. ఎవరి గోలైతేనేం? బంతి వెళ్తోంది, ఆపేవాడు లేడు. పైడిరాజు తన గోల్‌కీపరుని తన గోలు దగ్గర్నుంచి లేపాడు. గ్రౌండంతా పరుగెత్తించాడు. తన గోలుని దేవుడికి వదిలేసి, వాణ్ణి తీసుకెళ్లి కమిషనర్ గారి గోలు ముందు నిలబెట్టాడు. కమిషనర్ గారు కొట్టారు. పైడిరాజు కీపరు ఎడమపక్కకి దూకి ఆపాడు. మళ్లీ కొట్టారు. కుడిపక్కకి దూకి ఆపాడు. "ఎవరయ్యా వీడు, నా లక్ష్యానికి అడ్డం పడుతున్నాడు?" అని కమిషనర్ గారు విసుక్కున్నారు. పైడిరాజు కుర్చీలో కూచునే ఉన్నాడు గానీ భుజాలు దూకుతున్నాయి, మోకాళ్లు దూకుతున్నాయి. మధ్యలో వీలు చూసుకుని బంతిని అటు తోలుకెళ్లి తన ఖాళీ గోల్లో పడేసి, మూడు మూడు చేసి, మళ్లీ పరుగెత్తుకొచ్చాడు.

జనం లేచి నిలబడ్డారు. ఎవరు ఎవరికోసం ఆడుతున్నారో ఎవడికీ బోధపడలేదు. మిల్లువాళ్లు ఈలలు వేస్తున్నారు, అధికారులు లేవాలో కూచోవాలో తెలీక గాల్లో ఉన్నారు. ఆఖరి అరనిమిషం. ఇలాగే అయిపోతే డ్రా. డ్రా అంటే పెండింగ్. కమిషనర్ గారు పెండింగ్! కామేశం గారు కళ్లు మూసుకున్నారు. కమిషనర్ గారు పళ్లు బిగించి, సొంత గోలుకి నాలుగడుగుల దూరంలోంచి, ఉన్న బలమంతా పెట్టి ఎర్ర మీట నొక్కారు.

పైడిరాజు దూకాడు. తెరమీద కీపరు దూకడంతో పాటు వేదికమీద పైడిరాజు కూడా దూకాడు. కుర్చీ ఒక పక్క, మైకు ఒక పక్క పడ్డాయి. బంతి కీపరు చేతికి చిక్కింది. నేలమీద బోర్లా పడుకునే పైడిరాజు బొటనవేలితో మీట నొక్కాడు. బంతి ఆకాశంలోకి లేచి, గ్రౌండు ఈ కొసనుంచి ఆ కొసదాకా వెళ్లి, ఒకసారి ఎగిరి, రెండుసార్లు ఎగిరి, కాపలా లేని పైడిరాజు గోల్లోకి దొర్లుకుంటూ వెళ్లింది. కమిషనర్ నాలుగు, పైడిరాజు మూడు. ఈల మోగింది.

కళ్యాణమండపం పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నట్టు చప్పట్లు. నేలమీద పడ్డవాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు, గౌరి తప్ప. నెమలికంఠం చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వేదికెక్కేసింది. ఎక్కకూడదని అటెండరు చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి కిందనుంచి దూరిపోయింది. పైడిరాజు తలెత్తలేదు.

"తొమ్మిది ఆపావు మావా" అంది గౌరి, వంగి, చెవిలో. "లెక్కెట్టాను. అవతలోడి గోలైతే ఏటి? దూకావు." అతని జబ్బ పట్టుకుంది. "ఏడాది బట్టి ఈళ్లు నీ సేత ఏటి సేయిస్తన్నారో ఇంటికాడ మొత్తం సెప్పు. ముందు లే."

ఏడాదిగా మొహానికి అతుక్కుపోయిన నవ్వు అప్పుడు ఊడింది. పైడిరాజు వేదికమీదే వెక్కి వెక్కి ఏడ్చాడు.

కామేశం గారు అదను చూసి రెన్యువల్ ఫైలు ముందుకి తోశారు. కమిషనర్ గారు పెన్ను తీశారు. తీసినవారు, అలవాటు కొద్దీ అడిగారు. "ఈయన విజయ శాతం ఎంత?"

"సున్నా సార్!" అన్నారు కామేశం గారు గర్వంగా. "ఒక్కటి కూడా గెలవలేదు. అప్పజెప్పిన బాధ్యత నూటికి నూరుపాళ్లు నెరవేర్చాడు సార్."

"సున్నానా? నూరు శాతం సాధించిన నా శాఖలో సున్నానా? తక్షణం క్రమశిక్షణ చర్య తీసుకోండి! సస్పెండ్ చెయ్యండి!"

"కాంట్రాక్టు మనిషి సార్. నిబంధనల ప్రకారం సస్పెన్షన్ రెగ్యులర్ వాళ్లకే వర్తిస్తుంది. కావాలంటే తీసెయ్యొచ్చు..."

"తీసేస్తే హాయిగా తప్పించుకుపోతాడు. నేను వదలను" అన్నారు కమిషనర్ గారు. ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే ఇక తిరుగుండదు. "ముందు రెగ్యులర్ చెయ్యండి. ఆ తరవాత సస్పెండ్ చెయ్యండి."

రెండు ఉత్తర్వుల మీదా ఆ వేదికమీదే సంతకాలయ్యాయి. తొమ్మిదేళ్లుగా ఎన్ని అర్జీలు పెట్టినా జరగని పని ఆ సాయంత్రం ఐదు నిమిషాల్లో జరిగిపోయింది. పైడిరాజు వాళ్ల వీధిలో ఆ రోజు పండగే. అంతవరకూ ఆ వీధిలో ఎవరూ సస్పెండ్ కాలేదు, ఎందుకంటే ఎవరూ పర్మనెంట్ కాలేదు. ఇరుగమ్మలు వచ్చి గౌరికి బొట్టుపెట్టి, సస్పెన్షన్ ఎన్నాళ్లుంటుందో అడిగి, చాన్నాళ్లుండాలని దీవించి వెళ్లారు.

నాలుగు రోజుల తరవాత, పొద్దున్న ఏడింటికి, కామేశం గారు పంచె ఎగ్గట్టుకుని మిల్లు గ్రౌండులోకి పరుగెత్తుకొచ్చారు. చేతిలో ఫోను. పైడిరాజు పాత గ్లౌజులు తొడుక్కుని, తుప్పు పట్టిన గోలు స్తంభాల మధ్య నిలబడి ఉన్నాడు. గౌరి పన్నెండడుగులు కొలిచి బంతి పెడుతోంది.

"కొంప మునిగిందయ్యా పైడిరాజూ! నిన్ను రెగ్యులర్ చేశాం కదా, నీ ఓటములన్నీ ఒక్కసారిగా లెక్కలోకి వచ్చిపడ్డాయి. రాష్ట్రం మళ్లీ యాభై శాతం! సరిగ్గా యాభై! తెరంతా ఎర్రగా అయిపోయింది. కమిషనర్ గారు నీళ్లు కూడా ముట్టట్లేదు. నువ్వు గెలవాలయ్యా. బోలెడు గెలవాలి. నీ చేతిలో నేను ఓడిపోతాను. అయ్యో, నేను ఓడితే నా శాతం... పోనీ ఆ టైపిస్టుని... కాదు, ఆవిడా రెగ్యులరే కదా..."

"నాను సస్పెన్షన్లో ఉన్నానండి. ఆడకూడదండి" అన్నాడు పైడిరాజు వినయంగా.

"కనీసం మొహమైనా చూపించవయ్యా! ఒక్క హాజరు పడనీ!" అని కామేశం గారు ఫోను అతనికేసి చాచారు. "దయచేసి నవ్వండి" అంది ఆడగొంతు.

పైడిరాజు నవ్వలేదు. అతను ఆ ఫోను వైపు చూడనే లేదు, బంతి వైపు చూస్తున్నాడు.

"కామేశం బాబూ, కూసింత పక్కకి జరగండి" అంది గౌరి. చీర కుచ్చెళ్లు దోపుకుని నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి కొట్టింది. గట్టిగానే కొట్టింది, పై కుడి మూలకి. పైడిరాజు దూకాడు. బంతి రెండు చేతుల్లోనూ పట్టుకుని దుమ్ములో దొర్లి, మట్టి మొహంతో లేచి గౌరికేసి చూశాడు.

"ధన్యవాదాలు" అంది కామేశం గారి చేతిలోని ఫోను. "మీ ఆనందం నమోదైంది."